"మా సంస్కృతి" అంటున్నది ఎవరు? సౌత్ ఆఫ్రికా ఆడవాళ్లు అడిగిన ప్రశ్న

సౌత్ ఆఫ్రికా అనగానే మనకి మండేలా గారు గుర్తొస్తారు, గాంధీ గారిని రైల్లోంచి దించేసిన పీటర్‌మారిట్స్‌బర్గ్ స్టేషన్ గుర్తొస్తుంది, లేదంటే ఏబీ డివిలియర్స్ బ్యాటింగ్. ఈ ఎపిసోడ్‌లో అవేవీ కాకుండా వేరే విషయం మాట్లాడుకుందాం. 1994లో అక్కడ ప్రజాస్వామ్యం వచ్చింది కదా. మరి ఆ తర్వాత అక్కడి ఆడవాళ్లకి ఏమైంది?

రెండు నిజాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి, సౌత్ ఆఫ్రికా రాజ్యాంగం ఆడవాళ్ల హక్కుల విషయంలో ప్రపంచంలో చాలా ముందున్న రాజ్యాంగాల్లో ఒకటి. రెండు, అదే దేశంలో 2019-20 ఒక్క ఏడాదిలో పోలీసుల దగ్గర నమోదైన రేప్ కేసులు 42 వేలకి పైనే. అప్పటి జనాభా చూస్తే ఆరు కోట్లు కూడా ఉండేది కాదు, మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదానికంటే తక్కువ. అంత మంచి చట్టం, ఇంత హింస, రెండూ ఒకే చోట ఎలా ఉన్నాయి?

దీనికి "చట్టాలు అమలు చేయట్లేదు బాస్" అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ కొంచెం లోపలికి వెళ్తే ఇంకో విషయం కనిపిస్తుంది. అక్కడ ప్రతి పెద్ద గొడవలోనూ ఎవరో ఒకరు లేచి "ఇది మా సంస్కృతి" అన్నారు. ప్రతిసారీ ఆడవాళ్లు తిరిగి అడిగింది ఒకటే: సరే, ఆ సంస్కృతి ఏంటో నిర్ణయించింది ఎవరు?

చిన్న మాట. ఈ ఎపిసోడ్‌లో లైంగిక దాడి గురించిన ప్రస్తావన ఉంది. ఇబ్బంది అనిపిస్తే ఆ భాగం వదిలేయండి, ఏం పర్లేదు.

కాగితం మీద ఎప్పటికీ చిన్నపిల్లే

ముందు 1994కి ముందు ఎలా ఉండేదో చూద్దాం. అపార్థైడ్ అంటే తెల్లవాళ్లు నల్లవాళ్లని వేరు పెట్టి పాలించడం అని మనకి తెలుసు. ఆ వ్యవస్థలో నల్లజాతి ఆడవాళ్ల మీద రెండు బరువులు ఉండేవి. ఒకటి ప్రభుత్వం పెట్టింది, రెండోది ఇంట్లోది. ఈ రెండోదాన్ని కూడా ప్రభుత్వమే చట్టంగా మార్చి పెట్టింది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పటి క్వాజులు-నాటాల్ ప్రాంతంలో బ్రిటిష్ వాళ్లు "స్థానిక ఆచారాలు" అని ఒక కోడ్ తయారుచేసి 1891లో చట్టం చేశారు. దాని ప్రకారం నల్లజాతి స్త్రీ ఎంత వయసొచ్చినా మైనరే. ముందు తండ్రి చేతి కింద, పెళ్లయ్యాక భర్త చేతి కింద, భర్త పోతే ఇంకో మగ వారసుడి చేతి కింద. అరవై ఏళ్ల అమ్మమ్మ అయినా చట్టం దృష్టిలో చిన్నపిల్లే. ఆచారాల్లో కాలంతోపాటు మారేవి ఉంటాయి, ఊరికో రకంగా ఉండేవి ఉంటాయి. అధికారులు వాటిని ఒక పుస్తకంలో బిగించేశారు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, రోజూ అప్‌డేట్ అయ్యే కోడ్‌ని ఎవరో బయటివాడొచ్చి ఒక పాత వెర్షన్ దగ్గర ఆపేసి, ఇదే ఒరిజినల్, ఇంక ముట్టుకోవద్దు అని స్టాంప్ వేసినట్టు.

ఇక ప్రభుత్వం పెట్టిన బరువు "పాస్". నల్లవాళ్లు తిరగాలంటే, పని చేయాలంటే జేబులో ఒక పుస్తకం ఉండాలి. అది ఆడవాళ్లకి కూడా తప్పనిసరి చేస్తున్నారని 1956 ఆగస్టు 9న దాదాపు 20 వేల మంది ఆడవాళ్లు ప్రిటోరియాలో ప్రభుత్వ భవనానికి నడిచి వెళ్లారు. లిలియన్ న్గోయి, హెలెన్ జోసెఫ్, రహీమా మూసా, సోఫియా విలియమ్స్ ముందు నడిచారు. ఒకరు నల్లజాతి, ఒకరు తెల్లజాతి, ఒకరు భారత సంతతి, ఒకరు మిశ్రమ జాతి. ప్రధానమంత్రి అక్కడ లేడు. సంతకాల కట్టలు పెట్టేసి, అరగంటసేపు మాట్లాడకుండా నిలబడ్డారు. పాస్‌లు మాత్రం ఆగలేదు, ఆ చట్టాలు పోవడానికి 1986 దాకా పట్టింది. కానీ ఆగస్టు 9 ఇప్పుడు అక్కడ జాతీయ మహిళా దినోత్సవం, సెలవు రోజు.

ఇందులో మనవాళ్లకీ ఒక ముక్క ఉంది. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా నాటాల్ చెరకు తోటలకి వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లు కూడా ఉన్నారు. 1913లో కేప్ కోర్టులో జస్టిస్ సెర్ల్ ఒక తీర్పు ఇచ్చాడు. బహుభార్యత్వాన్ని ఒప్పుకునే మతాల పద్ధతిలో జరిగిన పెళ్లి అక్కడ చెల్లదు అని. అంటే ఒక్క రోజులో హిందూ, ముస్లిం భార్యలు చట్టం దృష్టిలో భార్యలు కాకుండా పోయారు. అప్పటిదాకా ఉద్యమం అంటే మగవాళ్ల పని అన్నట్టుండేది. ఆ తీర్పు తర్వాత కస్తూర్బా గారితో సహా చాలామంది ఆడవాళ్లు జైలుకెళ్లారు. పెళ్లి ఎవరిది, దాన్ని ఎవరు గుర్తించాలి అనే ప్రశ్న అక్కడ అంత పాతది.

టేబుల్ దగ్గర కుర్చీ

ఇప్పుడు 1990కి వద్దాం. మండేలా జైలు నుంచి బయటికొచ్చారు. కొత్త రాజ్యాంగం కోసం చర్చలు మొదలయ్యాయి. పోరాటంలో అంతమంది ఆడవాళ్లు ఉన్నారు కదా, చర్చల్లో కూడా ఉంటారనుకుంటాం. 1991 డిసెంబర్‌లో మొదటి సమావేశాలు పెడితే, టేబుల్ చుట్టూ ఎక్కువగా మగవాళ్లే.

అప్పుడు వాళ్లు చేసిన పని చాలా తెలివైనది. 1992లో విమెన్స్ నేషనల్ కొయలిషన్ అని ఒక కూటమి పెట్టారు. మండేలా పార్టీ ఏఎన్‌సీ ఆడవాళ్లు, వాళ్లని అణిచేసిన నేషనల్ పార్టీ ఆడవాళ్లు, చర్చి సంఘాలు, కార్మిక సంఘాలు అందరూ అందులో ఉన్నారు. బయట వీళ్ల పార్టీలు కొట్టుకుంటున్నాయి. లోపల వీళ్లు కలిసి కూర్చుని, ఊరూరా తిరిగి, మీకు కొత్త దేశంలో ఏం కావాలి అని ఆడవాళ్లనే అడిగి ఒక చార్టర్ తయారుచేశారు. దీన్ని నడిపించిన వాళ్లలో ముఖ్యమైన మనిషి ఫ్రేనే జిన్వాలా, భారత సంతతి పార్సీ మహిళ. తర్వాత ఆమే ప్రజాస్వామ్య సౌత్ ఆఫ్రికా మొదటి స్పీకర్ అయ్యారు. వీళ్ల ఒత్తిడి వల్లే 1993 చర్చల్లో ప్రతి పార్టీ పంపే ప్రతినిధుల్లో ఒక మహిళ ఉండాలి అనే రూల్ వచ్చింది.

ఆ కుర్చీలు లేకపోతే ఏమయ్యేదో తెలుసా? సంప్రదాయ తెగ నాయకులు, అంటే చీఫ్‌లు, చర్చల్లో ఒక డిమాండ్ పెట్టారు. సమానత్వం మంచిదే, కానీ అది మా ఆచార చట్టానికి వర్తించకూడదు అని. కొంచెం ఆలోచించండి. పల్లెల్లో పెళ్లి, ఆస్తి, వారసత్వం అన్నీ నడిచేది ఆ ఆచార చట్టం మీదే. అక్కడ సమానత్వం వర్తించకపోతే, పల్లెటూరి నల్లజాతి స్త్రీకి కొత్త రాజ్యాంగం గోడ మీద క్యాలెండర్ లాంటిదే. ఆడవాళ్లు గట్టిగా నిలబడ్డారు. చివరికి ఆచార చట్టాన్ని రాజ్యాంగం గుర్తించింది, కానీ హక్కుల అధ్యాయానికి లోబడి ఉండాలి అని రాసింది.

రెండేళ్లలో మారినవి

1994 ఏప్రిల్ 27న మొదటి ఎన్నికలు. అంతకుముందు పార్లమెంటులో 3 శాతం కూడా లేని ఆడవాళ్లు ఒకేసారి పావు వంతుకి చేరారు. ఏఎన్‌సీ తన అభ్యర్థుల్లో 30 శాతం కోటా పెట్టుకోవడం దీనికి పెద్ద కారణం.

1996 డిసెంబర్ 10న మండేలా రాజ్యాంగం మీద సంతకం పెట్టారు. అందులో సెక్షన్ 9 లింగం, గర్భం, పెళ్లయిందా కాలేదా, లైంగిక ధోరణి, వీటిలో దేని ఆధారంగానూ వివక్ష చూపకూడదు అంటుంది. లైంగిక ధోరణి అనే మాటని రాజ్యాంగంలోనే రాసిన మొదటి దేశం ఇదే. సెక్షన్ 12 ఇంకా సూటిగా, నీ శరీరం మీద అదుపు నీదే, పిల్లల్ని కనాలా వద్దా అనే నిర్ణయం నీదే అని చెబుతుంది. అదే ఏడాది అబార్షన్ చట్టం వచ్చింది. 12 వారాల వరకు స్త్రీ అడిగితే చాలు, భర్త అనుమతి అక్కర్లేదు. 1998లో గృహహింస చట్టం, ఆచార వివాహాల గుర్తింపు చట్టం వచ్చాయి.

అదే 1998లో ఒక కోర్టు తీర్పు గురించి కూడా చెప్పాలి. అప్పటిదాకా అక్కడి జడ్జిలు పాటించే ఒక రూల్ ఉండేది. లైంగిక నేరాల్లో ఫిర్యాదు చేసిన స్త్రీ మాటని ప్రత్యేకమైన జాగ్రత్తతో, అంటే కొంచెం అనుమానంతో చూడాలి. దొంగతనం జరిగిందని చెప్పేవాళ్లకి లేని అనుమానం ఈమెకి మాత్రమే. సుప్రీం కోర్ట్ ఆఫ్ అపీల్ దాన్ని కొట్టేసింది. ఈ రూల్‌కి ఆధారం లేదు, ఇది ఆడవాళ్లని అవమానించడమే అన్న ధోరణిలో తీర్పు ఇచ్చింది.

చట్టం గెలిచిన చోటు

ఇప్పుడు ఒక ఇంటి కథ. కేప్‌టౌన్ పక్కన ఖయెలిత్షా అనే పేదల బస్తీ ఉంది. అక్కడ ఒక వడ్రంగి, ఇళ్లలో పని చేసుకునే ఒకామె, వాళ్లకి ఇద్దరు ఆడపిల్లలు. 2002లో అతను చనిపోయాడు. మిగిలింది చిన్న ఇల్లు. అపార్థైడ్ కంటే ముందునుంచే ఉన్న చట్టం ప్రకారం నల్లజాతి మనిషి వీలునామా రాయకుండా పోతే ఆచార చట్టం వర్తిస్తుంది, దాని ప్రకారం వారసుడు మగవాడే అవ్వాలి. కాబట్టి ఇల్లు ఎక్కడో దూరంగా ఉంటున్న చనిపోయినతని తండ్రికి వెళ్లింది. అంత్యక్రియల ఖర్చు కోసం ఇల్లు అమ్మేస్తానన్నాడు ఆయన. ఈ పిల్లలు ఎక్కడికి పోవాలి?

తల్లి కోర్టుకెళ్లింది. భే కేసు అంటారు దీన్ని. 2004 అక్టోబర్‌లో జోహన్నెస్‌బర్గ్‌లోని రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. ఆ కోర్టు ఉన్న చోటు గురించి ఒక్క ముక్క: గాంధీ గారినీ మండేలా గారినీ ఉంచిన పాత జైలు ఆవరణలోనే దాన్ని కట్టారు.

కోర్టు "ఆచారం చెడ్డది" అని కొట్టిపారేయలేదు. పాత రోజుల్లో ఆస్తి పెద్దకొడుకుకి వెళ్లేదంటే, దాంతో పాటు కుటుంబం మొత్తాన్ని పోషించే బాధ్యత కూడా అతనికే వెళ్లేది. ఇప్పుడు ఊళ్లు మారాయి, జీవితాలు మారాయి. ఆస్తి వారసుడికి వెళ్తోంది, బాధ్యత వెళ్లట్లేదు. ఆచారం జనం మధ్య మారుతూ వచ్చింది, కానీ 1927 నాటి చట్టం దాన్ని పాత రూపంలో బిగించేసింది. అందుకే మగవాడికే వారసత్వం అనే రూల్ చెల్లదు, ఆ పిల్లలే వారసులు అని తీర్పు ఇచ్చింది.

చూశారా, ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇదే. "తరతరాల మా సంస్కృతి" అని చెప్పినదాంట్లో సగం పరాయి అధికారులు పుస్తకంలో రాసి బిగించినది. ఆ పల్లెల్లో ఆడవాళ్లు బతికిన సంస్కృతి అంతకంటే చాలా పెద్దది.

చట్టం ఆగిపోయిన చోటు

ఇక్కడిదాకా వింటే బాగానే ఉంది కదా అనిపిస్తుంది. ఇప్పుడు 2006.

జేకబ్ జుమా స్వాతంత్ర్య పోరాట నాయకుడు, రోబెన్ ఐలాండ్‌లో పదేళ్లు జైల్లో ఉన్నాడు. దేశానికి డిప్యూటీ ప్రెసిడెంట్ అయ్యాడు. ఒక అవినీతి వ్యవహారంలో 2005 జూన్‌లో ఆ పదవి పోయింది. అదే ఏడాది నవంబర్‌లో 31 ఏళ్ల ఒక మహిళ ఆయన మీద రేప్ కేసు పెట్టింది. ఆమె జుమాతో పాటు పోరాటంలో ఉన్న ఆయన స్నేహితుడి కూతురు. ఆయన్ని "మలూమే" అని పిలిచేది, జులూలో అమ్మ అన్నదమ్ముల్ని పిలిచే పిలుపు. ఆమెకి హెచ్‌ఐవీ ఉంది, ఆ సంగతి ఆయనకి తెలుసు. కోర్టు బయట ఆమెకి మద్దతిచ్చిన వాళ్లు ఆమె పేరు బయటపడకుండా "క్వేజీ" అని పిలిచారు. నక్షత్రం అని అర్థం.

జుమా వాదన, అది ఇద్దరి ఇష్టంతో జరిగింది అని. 2006 మే 8న కోర్టు ఆయన మాటే నమ్మి నిర్దోషి అని తీర్పు ఇచ్చింది. ఇది రికార్డు, దీన్ని మనం ఇక్కడ కూర్చుని మార్చలేం. నేను మాట్లాడేది ఆ విచారణ జరిగిన తీరు గురించి.

ఆమె పాత జీవితం మొత్తం కోర్టులో తవ్వారు. ఎవరెవరితో సంబంధాలు ఉండేవి అని అడిగారు. చిన్నతనంలో ప్రవాసంలో ఉన్నప్పుడు ఆమెకి జరిగినవి కూడా బయటికి తీశారు. పాత చట్టంలోని ఒక సెక్షన్ కింద జడ్జి దానికి అనుమతిచ్చారు. జుమా జులూ భాషలోనే సాక్ష్యం చెప్పాడు. ఆమె స్కర్టు వేసుకొచ్చిన తీరు, కూర్చున్న తీరు తనకి ఆహ్వానంలా అనిపించాయన్నాడు. సిద్ధంగా ఉన్న స్త్రీని అలా వదిలేసి వెళ్లడం మా జులూ సంస్కృతిలో తప్పు అన్నాడు. హెచ్‌ఐవీ రాకుండా తర్వాత షవర్ కింద స్నానం చేశానన్నాడు. అంతకుముందు దేశ ఎయిడ్స్ కౌన్సిల్‌కి అధ్యక్షుడిగా ఉన్న మనిషి ఆయన!

కోర్టు బయట వేలమంది. "నూటికి నూరు శాతం జులూ బిడ్డ" అని రాసిన టీషర్టులు వేసుకున్నారు. క్వేజీ ఫోటోలు తగలబెట్టారు. ఆ గుంపులో ఆడవాళ్లు కూడా చాలామంది ఉన్నారు. ఇది చెప్పకపోతే మొత్తం బొమ్మ రాదు. వాళ్లలో చాలామందికి ఇది ఒక స్త్రీ కేసులా కనిపించలేదు. పేదల నాయకుణ్ణి పదవికి దూరం పెట్టడానికి పార్టీలోని పెద్దలు పన్నిన కుట్ర అనుకున్నారు. సెక్సువల్ పాలిటిక్స్ అంటే ఇదే. ఒక స్త్రీ ఒంటి మీద ఏం జరిగింది అనే ప్రశ్న, ఎవరు ఏ వర్గం, ఎవరు ఏ జాతి, ఎవరికి కుర్చీ అనే ప్రశ్నల కింద నలిగిపోతుంది.

"మా సంస్కృతి" అన్న మాటకి జవాబు కూడా లోపలినుంచే వచ్చింది. మేమూ జులూలమే, మా సంస్కృతి అది కాదు అని జులూ ఆడవాళ్లే అన్నారు. పెద్దవాళ్లని గౌరవించడం, ఇంటికొచ్చిన స్నేహితుడి బిడ్డని సొంత బిడ్డలా చూసుకోవడం, అది సంస్కృతి కాదా అని అడిగారు.

తీర్పు తర్వాత బెదిరింపుల మధ్య క్వేజీ దేశంలో ఉండలేకపోయింది. ఆమె, వాళ్లమ్మ నెదర్లాండ్స్‌లో ఆశ్రయం తీసుకున్నారు. జుమా 2007 డిసెంబర్‌లో పార్టీ అధ్యక్షుడు, 2009లో దేశాధ్యక్షుడు అయ్యాడు. అపార్థైడ్ కాలంలో తండ్రితో పాటు ప్రవాసంలో బతికిన అమ్మాయి, స్వేచ్ఛ వచ్చిన దేశం నుంచి మళ్లీ ప్రవాసం వెళ్లింది.

అదే 2006 నవంబర్‌లో సౌత్ ఆఫ్రికా స్వలింగ వివాహాలని చట్టబద్ధం చేసింది, ఆఫ్రికా ఖండంలో మొదటిసారి. ఏడాదిన్నర తిరక్కుండా, 2008 ఏప్రిల్‌లో, తాను లెస్బియన్ అని దాచుకోకుండా బతికిన ఉడీ సిమెలేనే అనే జాతీయ ఫుట్‌బాల్ జట్టు మాజీ క్రీడాకారిణి మీద సొంత ఊళ్లోనే సామూహిక అత్యాచారం చేసి చంపేశారు. రాజ్యాంగం ఆమె పక్కన ఉంది. ఆ రాత్రి ఆ వీధిలో ఎవరూ లేరు.

మరి ఏం మారింది?

మారలేదని చెప్పలేం. 2007లో లైంగిక నేరాల చట్టాన్ని పూర్తిగా తిరగరాశారు. రేప్ నిర్వచనం విస్తరించింది, మగవాళ్లు కూడా బాధితులు కావచ్చని చట్టం ఒప్పుకుంది.

2016 ఆగస్టు 6న ఎన్నికల ఫలితాల సభలో జుమా మాట్లాడుతున్నాడు. నలుగురు అమ్మాయిలు లేచి, నిశ్శబ్దంగా ఆయన ముందుకొచ్చి ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. ఒకదాని మీద క్వేజీని గుర్తుంచుకోండి అని ఉంది. లైవ్‌లో దేశమంతా చూసింది. పదేళ్ల కిందటి కేసు, దాని తీర్పు కూడా ఎప్పుడో అయిపోయింది, అయినా ఈ తరం మర్చిపోలేదు. అప్పటికి స్వదేశానికి తిరిగొచ్చేసిన క్వేజీ, ఆ తర్వాత రెండు నెలలకి అక్టోబర్‌లో చనిపోయింది. అప్పుడు కుటుంబం ఒప్పుకోవడంతో ఆమె అసలు పేరు లోకానికి తెలిసింది.

2024 సెప్టెంబర్‌లో ప్రిటోరియా హైకోర్టు ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది. "ఆమెకి ఇష్టమే అనుకున్నాను" అని నిందితుడు చెప్పేస్తే, ఆ అనుకోవడంలో అర్థం ఉన్నా లేకపోయినా బయటపడే దారి అప్పటికి చట్టంలో ఉంది. అది రాజ్యాంగ విరుద్ధం అంది. ఇష్టం ఉందో లేదో తెలుసుకోవడానికి నువ్వు ఏం చేశావు అని అడగాలి అంది. స్కర్టు చూసి అనుకున్నాను అంటే ఆ తీర్పు ప్రకారం సరిపోదన్నమాట.

సో ఫ్రెండ్స్, మొదటి ప్రశ్నకి వద్దాం. అంత మంచి చట్టం, ఇంత హింస, రెండూ ఒకే చోట ఎలా? ప్రజాస్వామ్యం వచ్చిన రోజున ప్రభుత్వం మారింది. ఇంట్లో, పెళ్లిలో, మంచం దగ్గర ఎవరి మాట చెల్లాలి అనేది ఆ రోజు మారలేదు. దాన్ని ఒక్కో ఇంటి కోసం, ఒక్కో కేసులో, ఒక్కో సెక్షన్ కోసం ఆడవాళ్లు విడివిడిగా గెలుచుకోవాల్సి వచ్చింది, ఇంకా వస్తోంది. రాజ్యాంగం వాళ్లకి ఇచ్చింది అడగడానికి ఒక చోటు. ఖయెలిత్షా పిల్లలకి ఇల్లు దక్కింది ఆ చోటు ఉండబట్టే. 1993లో వాళ్లు ఆ కుర్చీల కోసం పట్టుబట్టకపోతే అదీ ఉండేది కాదు.

ఇంకోసారి ఎవరైనా, ఏ దేశంలో అయినా, మన ఇంట్లో అయినా, "ఇది మన సంస్కృతి" అని ఒక అమ్మాయి నోరు మూయిస్తుంటే మూడు విషయాలు అడిగి చూడండి. ఇది ఎప్పుడు మొదలైంది? ఎవరు చెప్పారు? దీని ఖర్చు మోసే మనిషిని ఎవరైనా అడిగారా? జవాబు దొరికితే మంచిదే. దొరక్కపోతే, మాట్లాడుకోవడం మొదలుపెట్టడానికి అదే మంచి సమయం.

మీ ఇంట్లో, మీ ఊళ్లో ఇలా మారిన ఆచారం ఏదైనా ఉంటే రాయండి, నేను చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.